రాగిరేకుల దానశాసనాలు: రాజుల బిరుదులు చదివి ఊరి ఎల్లల దగ్గర పుస్తకం మూసేస్తున్నాం

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. కొంతకాలంగా తూర్పు చాళుక్యుల (వేంగి చాళుక్యులన్నా వీళ్ళే) రాగిరేకుల పాఠాలు, అంటే ఊళ్ళు దానమిస్తూ రాజులు రాగి మీద చెక్కించిన పత్రాలు, వరసగా చదువుతున్నాను. ఏ వ్యాసం చూసినా, ఏ వీడియో చూసినా ఒకటే తంతు: ఫలానా రాజు, ఫలానా బిరుదు, ఫలానా ఊరు దానం, అంతటితో సరి. అసలు ఊరు కనపడేది ఆ తర్వాతి పంక్తుల్లో. ఎల్లలు, పన్ను మినహాయింపులు, ఎవరిని పిలిచి చెప్పారు, ఎవరు రాశారు, ఎవరు చెక్కారు. వాటి గురించి మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నా.

కొత్తవాళ్ళ కోసం ముందు రేకుల సంగతి. చాలావాటిలో మూడు నుంచి అయిదు రేకులు ఉంటాయి. ఎడమవైపు చిల్లు, అందులోంచి రాగి కడియం, కడియం కొసలు కలిసే చోట ముద్ర. వేంగి చాళుక్యుల ముద్ర మీద వరాహం, సూర్యచంద్రులు, అంకుశం, 'శ్రీ త్రిభువనాంకుశ' అన్న బిరుదు, కింద పద్మం కనిపిస్తాయి. మొదటి రేకుకీ చివరి రేకుకీ బయటివైపు మామూలుగా ఏమీ రాయరు, అరిగిపోతుందని. రేకుల అంచులు కాస్త పైకి లేపి ఉంచుతారు, లోపలి రాత ఒరుసుకుని అరగకుండా.

మొదలు 'స్వస్తి శ్రీమతాం సకలభువన సంస్తూయమాన మానవ్యసగోత్రాణాం హారీతిపుత్రాణాం' అంటూ వంశవర్ణన. తర్వాత రాజు ఆ 'విషయం' (అప్పట్లో జిల్లా లాంటి ప్రాంతం) లోని 'రాష్ట్రకూటప్రముఖాన్ కుటుంబినః', అంటే ఊరిపెద్దలతో సహా సేద్యపు కుటుంబాలవాళ్ళందరినీ పిలిపించి ఆజ్ఞ వినిపిస్తాడు. అక్కణ్ణించి ఎవరికి, ఎందుకు, ఏ రోజున, ఎంత, ఎల్లలేవి. ఆ పైన దానం లాక్కున్నవాడు అరవై వేల ఏళ్ళు పెంటలో పురుగై పుడతాడన్న శ్లోకం. చివర ఆజ్ఞప్తి (దానాన్ని అమలు చేయించే అధికారి), కవి, లేఖకుడు.

మీరు చదివిన వాటిలో ఈ కింది భాగాల్లో ఏం కనపడిందో రాయండి.

పాతరాతలు:
మంచి చర్చ మొదలుపెట్టారండీ. కానీ ప్రశస్తి భాగాన్ని, అంటే రాజునీ వంశాన్నీ పొగిడే పంక్తుల్ని, మరీ తీసిపారేయొద్దు. వేంగి చాళుక్యుల కాలక్రమం మనకి దక్కిందే దాని వల్ల. ఇంకే వంశమూ ఇంత పద్ధతిగా లెక్క రాసుకోలేదనిపిస్తుంది నాకు. కుబ్జవిష్ణువర్ధనుడు 18 ఏళ్ళు, ఇంద్రభట్టారకుడు ఏడు రోజులు, మంగి యువరాజు 25, కొక్కిలి ఆరు నెలలు, గుణగ విజయాదిత్యుడు 44, కొల్లభిగండ విజయాదిత్యుడు ఆరు నెలలు, తాళరాజు ఒక్క నెల, ఇలా ప్రతి రాజుకీ ముందున్న వాళ్ళందరి పాలనాకాలం వరసపెట్టి చెప్పుకుంటూ వస్తారు. రెండో అమ్మరాజు పట్టాభిషేకం శక 867లో, అంటే క్రీ.శ. 945లో, అని తిథితో సహా ఉంది. ఆ ఒక్క మేకు దొరికాక ఫ్లీట్ లాంటి శాసన పరిశోధకులు వెనక్కీ ముందుకీ లెక్క కట్టి మొత్తం వంశానికి తేదీలు నిలబెట్టారు. ఒక్కో శాసనంలో ఒక్కో రాజుకి ఏళ్ళు తేడాగా ఉన్న చోట్లున్నాయి, రెండో విజయాదిత్యుడికి 40, 44, 48 మూడూ కనిపిస్తాయి. అవి తేల్చుకోవాలన్నా రేకులన్నీ పక్కపక్కన పెట్టుకుని చదవాల్సిందే.

గోదారిగట్టు:
@పాతరాతలు గారూ, దాని విలువ తెలుసండీ, కాదనను. నా బాధల్లా అక్కడితో ఆగిపోవడం గురించే. నందంపూడి శాసనమే తీసుకోండి. రాజరాజనరేంద్రుడి 32వ పాలనా సంవత్సరం, క్రీ.శ. 1053 ప్రాంతం. భారత రచనలో నన్నయకి సాయపడ్డ నారాయణభట్టుకి నందంపూడి అగ్రహారం ఇచ్చిన రేకులు. బడిలో ఇంతవరకే చెప్తారు. కానీ ఆ శాసనంలో నారాయణభట్టుని 'సంస్కృత కర్ణాట ప్రాకృత పైశాచికాంధ్ర భాషా సుకవిశేఖరః' అన్నారు, అంటే అయిదు భాషల్లో కవిత్వం చెప్పగలవాడు. శాసన శ్లోకాలు కట్టింది సాక్షాత్తూ నన్నయభట్టు, రేకుల మీద రాసింది గండాచార్యుడు. ఒక కవికి రాజు ఊరు ఇస్తే ఆ పత్రాన్ని ఆ కవి స్నేహితుడే, అదీ అంతటి కవే, రాసిపెట్టాడు. ఊరు ఉన్న ప్రాంతం పేరు 'రెండేఱులనడిమి విషయం'. గోదావరి పాయల మధ్య కోనసీమ. సంస్కృత శాసనం నడుమ ఈ పచ్చి తెలుగు మాట అలాగే కూర్చుంది.

ఎల్లల దగ్గరికి వచ్చేసరికి చాలా శాసనాల్లో ఇదే జరుగుతుంది. అప్పటిదాకా సమాసాల మీద సమాసాలు పోయిన సంస్కృతం పక్కకి తప్పుకుని పుట్ట, చెఱువు, గుంట, చింత అంటూ తెలుగు దిగుతుంది. అది ఊళ్ళో వాళ్ళకి అర్థం కావాలి కదా, తగాదా వస్తే చూపించాల్సింది ఆ ముక్కే.

సర్వేరాయి:
నేను రెవెన్యూలో పనిచేసి రిటైరైన వాణ్ణి. మీరన్న ఎల్లల భాగం చదువుతుంటే నాకు ఆఫీసులో ఉన్నట్టే ఉంటుంది. తూర్పున ఏది, ఆగ్నేయాన ఏది, దక్షిణాన ఏది అని దిక్కులు వరసగా తిప్పుకుంటూ రావడం, ఒక్కో మూలకి ఒక గుర్తు పెట్టడం, మూడు ఊళ్ళు కలిసే చోటు ప్రత్యేకంగా చెప్పడం. మనం ట్రైజంక్షన్ రాయి అంటాం చూడండి, అదే. విస్తీర్ణం విషయంలో మాత్రం వాళ్ళ పద్ధతి వేరు. ఇన్ని ఖండికల ఆరికెల విత్తనం పట్టే నేల అని రాసేవాళ్ళు. కొలతబద్దతో కాకుండా విత్తే గింజతో నేలని కొలవడం నా చిన్నప్పుడు కూడా ఉండేది, పుట్టి, తూము లెక్కన చెప్పేవాళ్ళు మా పెద్దవాళ్ళు.

మినహాయింపుల గురించి ఇంకొక్క మాట. గుంటూరు జిల్లా నరసరావుపేట దగ్గర మైదవోలులో దొరికిన పల్లవ శివస్కందవర్మ రేకులున్నాయి, ప్రాకృతంలో, 4వ శతాబ్దం తొలినాళ్ళవి. అప్పటికి ఆయన యువమహారాజు. కంచి నుంచి ధాన్యకటకంలో ఉన్న అధికారికి రాయించిన ఆజ్ఞ. ఆంధ్రాపథంలోని విరిపర అనే ఊరు ఇద్దరు బ్రాహ్మణులకి ఇస్తూ, ఆ ఊళ్ళో ఉప్పు తవ్వకూడదు, ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఎడ్లని పట్టుకుపోకూడదు, భటులు అడుగుపెట్టకూడదు, కూడూ నీళ్ళకుండా మంచమూ బసా అడగకూడదు అని రాశారు. ఒక్కసారి దాన్ని తిరగేసి చదవండి. దానం కాని మామూలు ఊళ్ళో ఇవన్నీ జరిగేవన్నమాట. సర్కారు మనిషి ఊళ్ళోకి దిగితే అన్నం, నీళ్ళు, పడక, బండికి ఎడ్లు ఊరివాళ్ళే చూడాలి. పదిహేడు వందల ఏళ్ళ కిందటి రైతు కష్టం ఇంత వివరంగా ఇంకెక్కడ దొరుకుతుంది?

కూలిబిడ్డ:
సర్వేరాయి గారు చెప్పింది చదివాక నేనొకటి అడగాలి. అందరూ దానం పుచ్చుకున్నవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. ఊరు దానం ఇచ్చారంటే ఊళ్ళో దున్నేవాళ్ళ సంగతేంటి? వాళ్ళ ఇష్టం ఎవరైనా అడిగారా? అదే శివస్కందవర్మ తర్వాత వేయించిన హిరహడగల్లి రేకుల్లో, బళ్ళారి జిల్లాలో దొరికినవి, ఒక తోట దానంతో పాటు కళ్ళానికి చోటు, ఇంటికి చోటు, నలుగురు సగంపాలు సేద్యగాళ్ళు, ఇద్దరు కోలికులు (నేతపనివాళ్ళని కొందరి అర్థం) అని రాసి ఉంది. మనుషుల్ని కూడా లెక్కలో వేసి ఇచ్చారు. వాళ్ళకి పేర్లు కూడా రాయలేదు. దానం పొందినవాళ్ళకి గోత్రం, శాఖ, సూత్రం, తాత పేరుతో సహా ఉంటాయి. ఎల్లల భాగం ముఖ్యం అన్నప్పుడు ఇది ఇంకా ముఖ్యం అని నా అభిప్రాయం.

పాతరాతలు:
@కూలిబిడ్డ గారూ, మీరన్నది నూటికి నూరుపాళ్ళూ నిజం, ఈ విషయాన్ని ఇంత సూటిగా అడిగేవాళ్ళు తక్కువ. ఒక్క మాట కలుపుతాను. ఊరు దానం అంటే చాలా సందర్భాల్లో రాజుకి రావాల్సిన పన్నులు, హక్కులు దానగ్రహీతకి మళ్ళించడం. దున్నేవాడు అక్కడే ఉంటాడు, ధాన్యం చేరే ఇల్లు మారుతుంది. అందుకే సేద్యపు కుటుంబాల్ని పిలిచి చెప్పడం. వాళ్ళ మాట విన్నారని ఎక్కడా ఉండదు, విన్నట్టు రాసే అలవాటే లేదు.

నల్గొండపిల్ల:
అందరికీ నమస్తే. మా దిక్కు సంగతి కూడా జర చెప్పుకోవాలె. రామన్నపేట దగ్గర తుమ్మలగూడెంలో విష్ణుకుండినుల రేకులు దొరికినయి, ఇంద్రపాలనగర శాసనాలంటరు. రెండు జతలు. ఒకటి గోవిందవర్మది, ఇంకొకటి విక్రమేంద్ర భట్టారకవర్మది, రెండోదానికి శక 488 అని తేదీ ఉన్నది, అంటే క్రీ.శ. 566. రెండూ బౌద్ధ విహారానికి ఊళ్ళిచ్చిన శాసనాలే. గోవిందవర్మ పట్టమహిషి పరమభట్టారికా మహాదేవి ఇంద్రపాలనగరంలో కట్టించిన విహారం అది. రాగిరేకు అనంగనే అగ్రహారం అనుకునేటోళ్ళు ఇది చదవాలె. అంతకంటే పాతదైన పాతగండిగూడెం రేకులు కూడా బౌద్ధులకిచ్చినవే, ఇక్ష్వాకు రాజు ఎహువల చాంతమూలుడివి. ఇప్పటిదాకా దేశంలో దొరికిన రాగిరేకుల దానశాసనాల్లో అదే పాతదంటున్నరు. అది మన తెలుగు నేల మీద దొరికిందని మనోళ్ళకే తెల్వదు.

గోదారిగట్టు:
@నల్గొండపిల్ల, చాలా సంతోషం అమ్మా. జైనుల మాట కూడా కలపాలి. కుబ్జవిష్ణువర్ధనుడి రాణి అయ్యణ మహాదేవి బెజవాడలోని నడుంబి వసది అనే జైన గుడికి ముసినికొండ అనే ఊరిచ్చింది. నూరేళ్ళు దాటాక క్రీ.శ. 762లో మూడో విష్ణువర్ధనుడు ఆ దానాన్ని మళ్ళీ రేకుల మీద ఖాయం చేశాడు. రెండో అమ్మరాజు కలుచుంబర్రు శాసనం అయితే, చామెకాంబ అనే ఆవిడ కోరిక మీద, సర్వలోకాశ్రయ జినభవనం అన్నశాల మరమ్మతుకి ఇచ్చిన ఊరు. అత్తిలినాడు అంది శాసనం, మన అత్తిలి వైపే.

నాకు అన్నిట్లోకీ మనసుకి పట్టింది కలిదిండి శాసనం. కలిదిండి దగ్గర జరిగిన యుద్ధంలో రాజరాజనరేంద్రుడి పక్షాన పోరాడి ముగ్గురు చోళ సేనానులు చనిపోయారు. వాళ్ళ పేరు మీద మూడు శివాలయాలు కట్టించి, వాటి నడవడికి ఆ ఊరినే ఇచ్చాడు రాజు. పరాయి దేశం నుంచి వచ్చి మన కోసం పోయినవాళ్ళకి వాళ్ళు పడిన చోటే గుడి కట్టడం. ఈ మాట బడిపిల్లలకి చెప్తే ఎంత బాగుంటుందో.

లేఖకుడు77:
దొంగ శాసనాల గురించి ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తుతా. రాగిరేకు ఉంటే పన్ను లేదు, కాబట్టి దొంగరేకులు పుట్టడం సహజం. కూటశాసనం అనేవాళ్ళు, రాజు పేరుతో అది పుట్టించినవాడికి మరణదండన అని మనుస్మృతిలో ఉంది. హర్షుడి మధుబన్ రేకు (క్రీ.శ. 631) చదివి తీరాలి. సోమకుండక అనే ఊరిని వామరథ్యుడు అనే బ్రాహ్మణుడు దొంగశాసనం చూపించి అనుభవిస్తున్నాడని తేలితే, హర్షుడు ఆ రేకుని విరగ్గొట్టించి, ఊరు అతని దగ్గర్నించి తీసేసి వేరే ఇద్దరికి ఇచ్చాడు. ఈ సంగతంతా కొత్త శాసనంలోనే రాయించాడు. ఇంకోటి, బాన్స్‌ఖేడా రేకు మీద హర్షుడి సంతకం ఉంటుంది, 'స్వహస్తో మమ మహారాజాధిరాజ శ్రీహర్షస్య' అని, పువ్వులల్లినట్టు సాగే అక్షరాల్లో. ఫోటో చూడనివాళ్ళు తప్పకుండా వెతికి చూడండి.

కామరూపం (ఇప్పటి అస్సాం వైపు) రాజు భాస్కరవర్మ నిధన్‌పూర్ రేకుల్లో సమస్య ఇంకో రకం. ముత్తాత తండ్రి భూతివర్మ ఇచ్చిన రేకులు కాలిపోయాయి. పత్రం లేదు కాబట్టి ఊరు పన్ను పరిధిలోకి వచ్చేసింది. భాస్కరవర్మ కొత్త రేకులు రాయించి ఇస్తూ చివర్లో ఒక శ్లోకం పెట్టాడు: పాత రేకులు కాలాక కొత్తగా రాసినవి కాబట్టి అక్షరాల రూపం వేరుగా ఉంది, అంతమాత్రాన ఇవి దొంగవి కావు అని. ఏడో శతాబ్దంలోనే అక్షరాల తీరు కాలంతో మారుతుందనీ, దాన్ని బట్టి దొంగపత్రం పట్టుకుంటారనీ వాళ్ళకి తెలుసు! ఇవాళ మనం చేసే లిపి పరీక్ష అదేగా. ఛత్తీస్‌గఢ్ కురూద్ రేకుల్లో కూడా ఇలాంటిదే, మొదట తాటాకు మీద రాసిన దానపత్రం ఇల్లు కాలి పోతే, కొడుకు పేరు మీద రాగిలో మళ్ళీ ఇచ్చారు.

పాతరాతలు:
అద్భుతంగా చెప్పారు. ఇప్పుడు దొంగవి తేల్చడానికి లిపి ఒక్కటే కాదు, తిథీ వారం గ్రహణం లెక్క కుదురుతుందా లేదా, వంశక్రమం ఇతర శాసనాలతో కలుస్తుందా, ముద్ర సరైనదేనా, అన్నీ చూస్తారు. పశ్చిమ గంగుల పేరుతో ఉన్న రేకుల్లో చాలావాటిని ఫ్లీట్ ఇలాగే పక్కన పెట్టాడు. అయితే దొంగ శాసనమైనా పారేయకూడదు. అది ఎప్పుడు పుట్టిందో ఆ కాలానికి అది సాక్ష్యం, ఎవరికి ఏ భూమి మీద కన్నుందో చెప్తుంది.

అటకమీదపెట్టె:
కొత్త సభ్యుణ్ణి. మా మేనమామ గారింట్లో కడియం గుచ్చిన రాగిరేకులు మూడున్నాయి, దసరాకి పూజలో పెడతారు. నల్లగా, అక్కడక్కడ పచ్చగా అయిపోయాయి. చింతపండుతో తోమితే అక్షరాలు కనపడతాయని అత్తయ్య అంటోంది. ఒకాయన వచ్చి కొంటానని కూడా అడిగాడట. ఏం చెయ్యమంటారు? ఇంట్లో ఒకటే టెన్షన్‌గా ఉంది, పోలీసులొచ్చి తీసుకుపోతారేమో అని.

లేఖకుడు77:
బాబూ, చింతపండు వద్దు, నిమ్మకాయ వద్దు, ముగ్గుపిండి అసలే వద్దు! ఆ పులుపుకి పైపొరతో పాటు సన్నగీతలు కూడా పోతాయి. ఇప్పుడున్నది ఉన్నట్టే ఉంచి, పొడిగా, మెత్తటి నూలుబట్టలో చుట్టి పెట్టండి. కడియం కొయ్యొద్దు, తెరవొద్దు. పాత నివేదికలు తిరగేస్తే 'మా చేతికి వచ్చేసరికే కడియం కోసి ఉంది' అన్న మాట ఎన్నోసార్లు కనిపిస్తుంది. కడియం తెగితే ఆ ముద్ర ఈ రేకులదేనా అన్న అనుమానం శాశ్వతంగా ఉండిపోతుంది. ఫోటోలు తీసేటప్పుడు లైటు ఎదురుగా కాకుండా పక్కనుంచి ఏటవాలుగా పడేలా చూడండి, చెక్కిన గీతల్లో నీడ పడి అక్షరం లేచి కనిపిస్తుంది. ప్రతి రేకూ రెండు వైపులా, పక్కన స్కేలు పెట్టి తీయండి.

సర్వేరాయి:
చట్టం సంగతి నేను చెప్తాను నాయనా, భయపడాల్సిందేమీ లేదు. భూమిలో దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలపాలని 1878 నాటి చట్టం. మీది తవ్వకంలో దొరికింది కాదు, ఇంట్లో వంశపారంపర్యంగా ఉన్నది, అది వేరు. కానీ వందేళ్ళు దాటిన ఇలాంటి వస్తువు 1972 చట్టం ప్రకారం పురావస్తువు. లైసెన్సు లేకుండా ఆ వ్యాపారం చేయడం, దేశం దాటించడం నేరం. ఆ కొంటానన్నాయనకి ఫోటో కూడా ఇవ్వకండి. రాష్ట్ర పురావస్తు శాఖకి గానీ, మైసూరులోని కేంద్ర శాసన విభాగానికి గానీ ఉత్తరం రాయండి. పాఠం చదివించుకోవడానికి అదే దారి.

ఇంకొకటి. ఆ రేకుల్లో ఉన్న ఊరు మీ ఊరే అయితే, ఇనాం రికార్డులు కూడా వెతికించండి. 1858లో మద్రాసులో ఇనాం కమిషన్ వచ్చినప్పుడు ఇనాందార్లు తమ హక్కు రుజువుకి ఇలాంటి రేకులే పట్టుకొచ్చి చూపించారు. ఇనాం ఫెయిర్ రిజిస్టర్లలో ఏ రాజు ఇచ్చాడు, ఏ పత్రం చూపించారు అన్న గడి ఉంటుంది. మీ ముత్తాతల పేరు, ఈ రేకుల ప్రస్తావన అక్కడ దొరికితే కథ రెండు కొసలూ కలుస్తాయి.

అటకమీదపెట్టె:
చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ. అత్తయ్యకి చదివి వినిపించాను, తోమడం ఆగింది. పూజలో పెట్టుకోవచ్చా మరి?

లేఖకుడు77:
నిశ్చింతగా పెట్టుకోండి. పసుపు, కుంకుమ మాత్రం రేకు మీద కాకుండా చుట్టిన బట్ట మీద వేయమనండి. నీళ్ళు, పాలు తగలనివ్వొద్దు.

డచ్చితెలుగు:
నేను హాలండులో ఉంటాను. ఇక్కడి లైడెన్ నగరం పేరుతో పిలిచే చోళుల రేకుల గురించి ఒక ముక్క. పెద్ద లైడెన్ శాసనం 21 రేకులు, బరువు ముప్పై కిలోల దరిదాపు. శ్రీవిజయ రాజు నాగపట్నంలో కట్టించిన చూడామణి విహారానికి రాజరాజచోళుడు ఆనైమంగళం అనే ఊరిచ్చిన పత్రం. దానితో పాటే చిన్న లైడెన్ శాసనం అని మూడు రేకులుంటాయి, అది కులోత్తుంగ చోళుడిది. ఆ కులోత్తుంగుడు ఎవరో కాదు, మన రాజరాజనరేంద్రుడి కొడుకే. నందంపూడి ఇచ్చినాయన కొడుకు చోళ సింహాసనం ఎక్కి సముద్రం అవతలి రాజు కట్టించిన బౌద్ధ విహారం ఊళ్ళకి పన్ను మినహాయింపులు ఖాయం చేశాడు. తండ్రివీ కొడుకువీ రెండూ పక్కపక్కన పెట్టి చదివినవాళ్ళు మనలో ఎవరైనా ఉన్నారా?

గోదారిగట్టు:
@డచ్చితెలుగు గారూ, ఆ పని తప్పకుండా చేద్దాం. చిన్న లైడెన్ శాసనంలో మినహాయించిన పన్నుల పేర్లు తమిళం తెలిసినవాళ్ళ సాయంతో ముందు తేల్చుకోవాలి.

ఇంకొకటి మర్చిపోకముందే. ప్రశస్తి భాగం కూడా ఒక్కోసారి గుండె పట్టేస్తుందని @పాతరాతలు గారి తరఫున నేనే చెప్తాను. ప్రోలయ నాయకుడి విలస రేకులు చూడండి. కాకతీయ ప్రతాపరుద్రుణ్ణి 1323లో బందీగా తీసుకుపోతుంటే నర్మదా తీరాన చనిపోయాడని, ఆ తర్వాత తెలుగు దేశంలో జనం ఎన్ని అగచాట్లు పడ్డారో, అగ్రహారాలు ఎలా పోయాయో వర్ణించి, ఆ పైనే విలస గ్రామదానం చెప్తారు. అక్కడ పై భాగం చదవకపోతే కింద ఆ దానం ఎందుకో అర్థం కాదు. పోయిన అగ్రహారాల్ని మళ్ళీ ఇస్తున్న రోజులవి.

సరే, పని మొదలుపెడదాం. నందంపూడి శాసనంలో ఎల్లల భాగం వరకు తెలుగు అక్షరాల్లో టైపు చేసి ఇక్కడ పెడతాను. అంబాజీపేట, అమలాపురం వైపు వాళ్ళు ఉంటే ఆ చుట్టుపక్కల ఊళ్ళ పాత పేర్లు, చెరువుల పేర్లు, పొలాల వాడుక పేర్లు పెద్దవాళ్ళని అడిగి రాయండి. కాలవలొచ్చి నేల చాలా మారింది గానీ పొలం పేర్లు అంత తొందరగా పోవు. @సర్వేరాయి గారు గ్రామపటాలు చూసి ఏ గుర్తు ఎక్కడ పడుతుందో చెప్పగలిగితే ఇంకా మంచిది.

సర్వేరాయి:
పాత పటాలు దొరుకుతాయి, నేను చూస్తాను. మీరు టైపు చేసేటప్పుడు దిక్కుల వరస మాత్రం మార్చకండి, శాసనంలో ఉన్నట్టే ఉంచండి. ఏ గుర్తు తర్వాత ఏది వచ్చిందో అదే మనకి దారి.